ఎవరినీ వదలని ఏడో నంబరు బస్సు

మహబూబ్ బాషా సంగతి తలచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది. మిగతావన్నీ దాని వెనకాల నింపాదిగా వస్తాయి. పదకొండేళ్లుగా రియాద్‌లో అతను నడిపే బస్సులోనే డ్యూటీకి పోతున్నాను. ఈ పదకొండేళ్లలో ఆ బస్సు వేళకు బయల్దేరిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బండి మంచిది. డ్రైవరు అంతకంటే మంచివాడు, ఇన్నేళ్లలో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎక్కాల్సిన వాళ్లలో ఒక్కరు తక్కువైనా బాషా గేరు వెయ్యడు.

నా పేరు లింబాద్రి. మాది ఆర్మూరు పక్కన ఒక ఊరు. ఇక్కడొక పెద్ద ఆసుపత్రికి బస్సులు తిప్పే కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్‌ని. ఇరవై రెండు మంది డ్రైవర్లు నా కింద పనిచేస్తారు. వాళ్లలో ఇరవై ఒక్క మందికి నేనంటే భయం. బాషాకు మాత్రం నేనంటే ప్రేమ. అదే నా ఖర్మ.

బాషాది రాయచోటి. పొట్టి మనిషి, నలభై అయిదు దాటాయి, నవ్వితే ముఖమంతా పళ్లే కనిపిస్తాయి. అతని ఏడో నంబరు బస్సు పొద్దున్నే మూడు చోట్ల ఆగి నర్సుల్ని, ల్యాబు వాళ్లని ఎక్కించుకుని ఆరున్నరకు ఆసుపత్రి చేరాలి. మూడో స్టాపు నాది. అతని దగ్గర పేర్ల కాగితం ఉండదు. అద్దంలో ఒకసారి చూస్తాడు, ఎవరు రాలేదో తెలిసిపోతుంది. వెంటనే ఫోను తీస్తాడు. మలయాళీ అమ్మాయితో వచ్చీరాని మలయాళంలో, ఫిలిప్పీన్స్ అమ్మాయితో తనకే అర్థమయ్యే ఇంగ్లీషులో, మనవాళ్లతో తెలుగులో లేచారా, తిన్నారా, ఒంట్లో బాగుందా అని అడుగుతాడు. అందరూ ఎక్కాక ఇంకోసారి అద్దంలో చూసి, బిస్మిల్లా అనుకుని, అప్పుడు బండి కదిలిస్తాడు. ఎవరైనా సెలవు మీద ఊరికి పోతే తిరిగొచ్చే తేదీ అతనికి నోటికి వచ్చు. ఆరోజు డ్యూటీ లేకపోతే ఫ్లాస్కులో టీ పోసుకుని ఎయిర్‌పోర్టు బయట నిలబడతాడు.

నాక్కూడా అలాగే నిలబడతాడు. రావద్దని ప్రతిసారీ చెప్తాను. నా ఫ్లైటు నంబరు నేనెవరికీ చెప్పను. సెలవుల పట్టిక నా ఆఫీసు గోడ మీదే ఉంటుంది కాబట్టి చెప్పినా చెప్పకపోయినా ఒకటే.

నా తీరు వేరు. తామరాకు మీద నీటిబొట్టులా బతకాలన్నది నా సిద్ధాంతం. ఎవరికీ ఊరికే ఫోన్ చేయను. ఏడాదికోసారి ఇంటికి పోతాను, నెలరోజులుంటాను, తిరిగొచ్చే రోజు కోడి కూయకముందే మా ఆవిడ గంగమణికి మాత్రం చెప్పి కారెక్కుతాను. మా అమ్మాయి రవళికను ఏనాడూ లేపలేదు. ఏడుపులు, కొంగుతో కళ్లు తుడుచుకోవడాలు నాకు పడవు. పదహారేళ్లుగా ఇలాగే వచ్చిపోతున్నాను, ఇదేదో గొప్ప విద్య అనుకుని మనసులో గర్వపడుతూ కూడా ఉన్నాను.

ఇలా ఉండగా కంపెనీకి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు నౌమాన్, హైదరాబాదు టోలిచౌకీ మనిషి. చెడ్డవాడు కాడు, గడియారం మనిషి. వస్తూనే బస్సులన్నిటికీ జీపీఎస్ పెట్టించాడు. స్టాపులో మూడు నిమిషాలు ఆగాలి, రాని వాళ్లను వదిలేసి పోవాలి అన్నాడు. ఇరవై ఒక్క మంది డ్రైవర్లు సరే సాబ్ అన్నారు. బాషా కూడా అన్నాడు. మర్నాడు మొదటి స్టాపులోనే తొమ్మిది నిమిషాలు ఆగాడు.

అసలు గొడవ ఒక ఆదివారం పొద్దున జరిగింది. డయాలసిస్ వార్డులో పనిచేసే నమ్రత అని విజయవాడ అమ్మాయి, డ్యూటీ మార్చుకుని ఫోను సైలెంటులో పెట్టి హాయిగా పడుకుంది. మార్చుకున్న సంగతి బాషాకు చెప్పలేదు. బాషా ఇరవై మూడు సార్లు ఫోన్ చేశాడు. హారను కొట్టాడు. ఆడవాళ్ల బిల్డింగు కాబట్టి పైకి పోకూడదు. కాపలా మనిషిని పిలిచి, లోపల గ్యాసు లీకై పడిపోయిందేమో చూడవయ్యా అన్నాడు. ఆ కాపలా మనిషికి గ్యాసు అన్న ఒక్క ముక్కే చెవిన పడింది. పావుగంటలో ఫైరింజను వచ్చింది. బిల్డింగు మొత్తం మెట్లు దిగి కిందికొచ్చింది. అందరికంటే ఆఖరున నమ్రత కళ్లు నులుముకుంటూ వచ్చి ఏమైందని అడిగింది. బాషా అల్‌హందులిల్లా అనుకుని, నిద్ర బాగా పట్టిందా తల్లీ అని అడిగి, బస్సెక్కి కూర్చున్నాడు. ఆరోజు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. రాత్రంతా పనిచేసిన నర్సులు ఇళ్లకు పోలేక వార్డుల్లోనే కూలబడ్డారు.

వారంలో కాగితం వచ్చింది. డ్రైవరు మానసికంగా పనికి తగినవాడో కాదో పరీక్ష చేయించి రిపోర్టు తేవాలి. తగనివాడని వస్తే ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపించేస్తారు. బాషాకు కడపలో నర్సింగు చదివే కూతురు అఫ్షాన్ ఉంది, ఇంటి దగ్గర భార్య మేరాజ్ బేగం, తల్లి ఉన్నారు. పిచ్చి అని ఒకసారి కాగితం మీద పడితే ఇక ఎక్కడా స్టీరింగు ముట్టుకోనివ్వరు. నేను అదంతా విడమరచి చెప్పి, భయపడతాడేమోనని ముఖంలోకి చూశాను. అతను బస్సు వైపు చూస్తూ, "నేను పోతే ఈళ్లను ఎవురు లెక్క సూసుకుంటారన్నా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఆసుపత్రిలోనే డాక్టర్ స్నిగ్ధ అని కాకినాడ ఆవిడ సైకాలజిస్టుగా ఉంది. భాష కలుస్తుందని బాషాను ఆవిడ దగ్గరికే పంపారు. తోడుగా నేను వెళ్లాను. లోపల అతనితో గంటసేపు మాట్లాడింది. బయట నాకో ఫారం ఇచ్చారు. మనిషిని ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా నింపాలట. నలభై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ అని నాలుగు గడులు.

ఇక్కడ మా వర్క్‌షాప్ సంగతి కొంచెం చెప్పాలి. బ్రేకు కాస్త మెత్తబడింది అని రాస్తే మా మెకానిక్కు ఆ కాగితం మీద టీకప్పు పెట్టుకుంటాడు. బ్రేకు పడటం లేదు అని రాస్తేనే బండి జాకీ ఎక్కుతుంది. అందుకే పదహారేళ్లుగా లోపాల ఫారం చేతికొస్తే గోరంతను కొండంత చేసి రాయడం నాకు అలవాటు. అలా రాస్తేనే బండి బాగుపడుతుంది. ఆరోజు నా చేతికొచ్చింది కూడా నాకు లోపాల ఫారంలాగే కనిపించింది. పైగా బాషా మీద పదకొండేళ్ల కోపం ఉండనే ఉంది. తనను వదిలేసి పోతారని భయపడతాడా? ఎల్లప్పుడూ. పదే పదే ఫోన్ చేస్తాడా? ఎల్లప్పుడూ. కోపం పట్టలేకపోతాడా? హారను కొట్టాడు కదా, తరచుగా. చచ్చిపోతానని బెదిరిస్తాడా? నమ్రతమ్మకేమన్నా అయితే నేను బతకనని ఆ ఆదివారం అన్నాడట, అదీ తరచుగానే. పావుగంటలో నలభై గడులూ నింపేసి, ఇక వీడికి మంచి రిపేరు జరుగుతుందని తృప్తిగా సంతకం పెట్టాను.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది. ముందు నన్నొక్కణ్ణే కూర్చోబెట్టింది. నా కాగితం ప్రకారం చూస్తే బాషాకు పర్సనాలిటీ డిజార్డర్, ఒకటి కాదు రెండు రకాలవి ఉన్నట్టు లెక్క తేలుతోందట. ఇలాంటి మనిషి చేతికి ముప్పై మంది ప్రాణాలు ఎలా ఇస్తారంది.

"కానీ లింబాద్రి గారూ, మీ పేపరూ నేను చూసిన మనిషీ అస్సలు మ్యాచ్ అవడం లేదండీ. ఆయన కోపంలో ఎవరినైనా కొట్టారా? ఒక్క ఇన్సిడెంట్ చెప్పండి చాలు."

నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఎవరితోనైనా ఏడాదిపాటు మాటలు మానేశాడా? లేదు. ఇవాళ దేవుడన్నవాణ్ణి రేపు దెయ్యమన్నాడా? దెయ్యమని అతను ఎవరినీ అనలేదు, నేనే అతన్ని అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తిట్టుకుంటూ వర్క్‌షాప్ సంగతి మొత్తం చెప్పుకున్నాను. డాక్టరమ్మ ముందు సీరియస్‌గా విన్నది. బ్రేకు పడటం లేదు అన్న దగ్గర ఇక ఆపుకోలేక నవ్వేసింది. తర్వాత ఇంకో ఫారం నా ముందు పెట్టి, ఈసారి ప్రతి గడికీ ఒక సంఘటన రాయాలి, గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయాలి అంది.

రాయడానికి గంటన్నర పట్టింది. పరీక్ష హాల్లో చదవని పిల్లాడిలా కూర్చున్నాను. అతనికి మనసులో మాట చెప్పుకునే స్నేహితుడెవరు? తెలియదు. దుఃఖం వస్తే ఏం చేస్తాడు? తెలియదు. చిన్నతనం ఎలా గడిచింది? తెలియదు. నేనొక్కణ్ణే ఏళ్ల తరబడి దగ్గరగా చూసినవాణ్ణని నమ్మి నన్ను కూర్చోబెట్టారు. పదకొండేళ్లు అతని వెనక సీట్లో కూర్చుని నేను చూసింది నా వాచీని మాత్రమే. నాకు సిగ్గేసింది.

తర్వాత బాషాను లోపలికి పిలిచింది. చిన్నప్పటి సంగతులు అడగాలి, సూపర్‌వైజర్ గారు బయట ఉంటారని ఆవిడ అంటే, అన్న ఉంటేనే చెప్తానని బాషా పట్టుబట్టాడు. అలా ఆ కథ నేను విన్నాను.

అతనికి అయిదేళ్లప్పుడు తల్లి హమీదున్నీసా కువైట్‌లో ఇంటిపనికి పోయింది. రాయచోటి బస్టాండుకు అందరూ వచ్చారు. పిల్లాడు ఏడుస్తాడని మేనమామ వాణ్ణి బన్ను కొనిపెడతానని అంగడికి తీసుకుపోయాడు. బన్ను పట్టుకుని తిరిగొచ్చేసరికి బస్సు లేదు. రెండేళ్లలో వస్తానన్న తల్లి తొమ్మిదేళ్లకు వచ్చింది.

"ఆ బన్ను తిన్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"యాడ తింటా మేడమ్? బస్సెనకాల ఉరికినా గదా, యాడనో పడిపాయ," అని బాషా నవ్వాడు. "మా అమ్మ ఇప్పుటికీ అడుగుతాది, బన్ను తిన్నావా నాయనా అని. ఇద్దురమూ నగుతాము."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఇంత సంగతి ఎలా దాచాడా అని ఆశ్చర్యపోయి, నాకెందుకు చెప్పలేదని అడిగాను. "సెప్పినా గదన్నా, మూడుసార్లు," అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం చెంపమీద కొట్టినట్టయింది.

ఆ తొమ్మిదేళ్లు ఎవరు పెంచారని డాక్టరమ్మ అడిగింది. వాళ్ల అవ్వ పెంచిందట. బడి వదిలేముందే గేటు దగ్గర నిలబడేదట. ఒక్కరోజు కూడా వాడు ముందొచ్చి ఆమె తర్వాత రావడం జరగలేదట. డాక్టరమ్మ ఆ మాట దగ్గర పెన్ను ఆపి, ఆవిడే మిమ్మల్ని కాపాడిందండీ అంది.

ఆ తర్వాత మా ఇద్దరికీ ఆవిడ చెప్పింది ఇది. మనల్ని సాకినవాళ్లతో చిన్నప్పుడు పడిన ముడిని బట్టి మనం పెద్దయ్యాక మనుషులతో ముడి వేసుకునే తీరు ఉంటుంది. కొందరికి నమ్మకం ఉంటుంది, పోయినవాళ్లు వస్తారని. కొందరికి ఎప్పుడు వదిలేస్తారోనని భయం, గట్టిగా పట్టుకుంటారు. కొందరు ఎదుటివాళ్లు వదిలేలోపు తామే వదిలేస్తారు, అసలు ముడే వద్దంటారు. పట్టుకోవాలో వదలాలో తెలియక నలిగిపోయేవాళ్లు ఇంకొందరు. వీటిలో ఏదీ జబ్బు కాదు. ఆ తీరు బిగుసుకుపోయి, ఎవరితోనూ ఏ పనిలోనూ వంగకుండా, ఏళ్ల తరబడి మనిషి బతుకునూ చుట్టుపక్కల వాళ్ల బతుకునూ పాడుచేస్తుంటే అప్పుడు డిజార్డర్ అని ఆలోచిస్తారు. అలాంటివాళ్లలో చిన్నప్పటి ముడి సరిగా పడనివాళ్లు ఎక్కువే ఉంటారు. అంతమాత్రాన ముడి సరిగా పడని ప్రతివాడికీ డిజార్డర్ ఉన్నట్టు కాదు.

నాకు అర్థమైనట్టు నేను చెప్పాను. బండి ఒక పక్కకు లాగడం వేరు, స్టీరింగు రాడ్డు విరగడం వేరు. లాగే బండిని పట్టించుకోకుండా నడిపితే టైర్లు అరిగి ఏనాడో ప్రమాదం రావచ్చు. అలైన్‌మెంట్ చేయించుకుంటే అదే బండి లక్ష కిలోమీటర్లు పోతుంది. డాక్టరమ్మ అది తన డైరీలో రాసుకుంది. ఆ ముచ్చట ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను.

ముడే వద్దనే రకం గురించి చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు చూడనే లేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే అందుకున్నాను.

"నేనైతే ఎవ్వరి మీద ఆధారపడ డాక్టరమ్మా. ఇంట్ల పిల్లను గూడ ఏడిపియ్యకుండ అచ్చేస్త. గది మంచిదే గదా?"

"మంచిదేమోనండీ. మీ అమ్మాయిని ఎప్పుడైనా అడిగారా?" అంది ఆవిడ.

నేను వాచీ చూసుకుని, డ్యూటీకి వేళైందని లేచాను.

రిపోర్టులో డిజార్డర్ ఏమీ లేదని, బస్సు తలుపు దగ్గర ఒక భయం మాత్రం ఉందని, అది సాధనతో తగ్గుతుందని రాసింది. నౌమాన్ సాబ్ అది రెండుసార్లు చదివి నెలరోజులు గడువిచ్చాడు. ఆ నెలలో వేళ తప్పితే ఫైనల్ ఎగ్జిట్ కాగితం మీద సంతకం పెడతానన్నాడు. డాక్టరమ్మ సాధన ఇలా పెట్టింది. రాని మనిషికి ఒక్క ఫోన్ చేయాలి. మూడు నిమిషాలు ఆగాలి. వదిలేసి పోవాలి. పోయాక వచ్చే భయాన్ని భరించాలి, అది దానంతటదే దిగిపోతుంది.

మొదటి వారం బస్సు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు. నాకు నమ్మబుద్ధి కాలేదు. స్టాపులో చూస్తే అందరూ పది నిమిషాల ముందే వచ్చి నిలబడుతున్నారు. బాషా భయ్యా ఉద్యోగం మన చేతుల్లో ఉందని నమ్రత వాట్సాప్‌లో గ్రూపు పెట్టిందట. తడిజుట్టుతో ఒకరు, చేతిలో సగం రొట్టెతో ఒకరు, ఒకరైతే రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులతో పరుగున వచ్చి ఎక్కేవాళ్లు. బాషా ఆనందానికి హద్దు లేదు. నేను ఆ శుభవార్త డాక్టరమ్మకు చెప్తే ఆవిడ తల పట్టుకుంది. ఎవరూ మిగలకపోతే ఇక సాధన ఏముంది, నెల దాటాక ఒకరోజు ఎవరో నిజంగా రాకపోతే మళ్లీ ఫైరింజనే అంది. ఎవరో ఒకరు కావాలని మిగిలిపోవాలి. ఫోను కూడా ఎత్తకూడదు.

నర్సులెవరూ ఒప్పుకోలేదు. పాపం అన్నారు. ఇలాంటి పనికి తామరాకు మీద నీటిబొట్టే సరైనదని, నేను ఉంటానన్నాను.

బుధవారం పొద్దున మా స్టాపు ఎదురుగా ఉన్న బఖాలాలో, అంటే కిరాణా కొట్టులో, మజ్జిగ సీసాల ఫ్రిజ్జు వెనకాల నిలబడ్డాను. కొట్టువాడు నన్ను అనుమానంగా చూశాడు. అయిదు యాభై అయిదుకు బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరు ల్యాబు కుర్రాళ్లు ఎక్కారు. నా సీటు ఖాళీ. బాషా అద్దంలో చూశాడు, కిటికీలోంచి చూశాడు, మా బిల్డింగు గేటు వైపు చూశాడు. నా జేబులో ఫోను వణికింది. బస్ 7 బాషా. తీసి చేతిలో పట్టుకున్నాను. ఎత్తకూడదు. అది ఆగేదాకా మోగి ఆగిపోయింది.

లోపల ఏం జరిగిందో తర్వాత నమ్రత చెప్పింది. రెండో నిమిషంలో ఒక మెట్టు దిగి, మళ్లీ ఎక్కాడట. ఎవరూ మాట్లాడకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఇరవై ఎనిమిది మంది ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారట. మూడో నిమిషం అయ్యాక తలుపు మూశాడు. మళ్లీ తెరిచాడు. మళ్లీ మూశాడు. బస్సు కదిలింది. మా బిల్డింగు పొడవునా నడిచే మనిషంత నెమ్మదిగా పోయింది. తర్వాత మలుపు తిరిగింది.

చప్పట్లు కొట్టబోయి ఆగాను. గెలిచాడు అనుకుంటూ రోడ్డు మీదికొచ్చాను. రోడ్డు ఖాళీగా ఉంది. నేనే అనుకుని, నేనే దాక్కుని, నేనే పంపించిన బస్సు అది. అయినా నన్ను వదిలేసి పోయినట్టు బాధేసింది. యాభై రెండేళ్ల మనిషిని, మీసాలు నెరిసినవాణ్ణి, కొట్టు ముందు నిలబడి కళ్లు తుడుచుకున్నాను. కొట్టువాడు అడక్కుండానే ఒక మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు.

ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. పదకొండేళ్లలో నేను ఆలస్యమైన ఏ పొద్దున్నా అది ఒక్కసారి మోగి ఊరుకోలేదు. ఆరున్నర అయ్యింది. జీపీఎస్‌లో బస్సు ఆసుపత్రి గేటు దగ్గర ఆగి ఉంది, ఒక నిమిషం ముందే. ఇక ఆగలేక నేనే ఫోన్ చేశాను. డ్యూటీ పని లేకుండా అతనికి నేను చేసిన మొదటి ఫోన్ అదే.

"అన్నా? నువ్వే సేసినావా?" అన్నాడు బాషా.

"నేనే. అందరు దిగిన్రా?"

"దిగినారు. నువ్వు ఫ్రిజ్జు ఎనకాల ఉండావని నాకు తెల్సన్నా. నీ బూట్లు కనపడినాయి."

"ఎర్కుండే పోయినవా మరి?"

"తెలిసినా కష్టమే గదన్నా, ఇడిసిపెట్టి పోయేది. శానా భయమాయ. ఆ పెద్ద సిగ్నలు దాటినాక తగ్గిపాయ. ఆడనే ఉండు. ఖాళీ బండితో వచ్చాండా."

డ్యూటీ లేకుండా ఖాళీ బస్సు తిప్పకూడదన్న రూలు నేను రాసిందే. ఆడనే ఉన్నాను.

అది చూసి నర్సులూ ఒప్పుకున్నారు. నెలలోగా ఇంకో ఐదుసార్లు ఎవరో ఒకరు వంతుల వారీగా మిగిలిపోయారు. నమ్రతే రెండుసార్లు ఉంది, ఫైరింజను బాకీ తీర్చుకుంటానని. చివరిసారి బాషా మూడు నిమిషాలు కాగానే తలుపు మూసి, మళ్లీ తెరవకుండా పోయాడు. నౌమాన్ సాబ్ ఫైనల్ ఎగ్జిట్ కాగితం చించి, ఇంకో కాగితం మీద ఉద్యోగం కొనసాగింపు అని సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం బాషా వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి నన్ను చూపించాడు. ఆమె నన్ను బాగున్నావా నాయనా అని అడిగి, కొడుకును బన్ను తిన్నావా అని అడిగింది. ఇద్దరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మూడు నెలల తర్వాత సెలవు మీద ఇంటికి పోయాను. తిరిగొచ్చే రోజు ఎప్పటిలాగే చీకటితో లేచి బ్యాగులు వాకిట్లో పెట్టాను. గంగమణి నా వెనకే ఉంది. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అప్పటిదాకా నాతోనే తిరుగుతూ ఉంది. వెనక్కి పోయి రవళిక మంచం పక్కన కూర్చుని, బిడ్డా, పోయొస్తనే అని భుజం తట్టాను. పంతొమ్మిదేళ్ల పిల్ల వెంటనే లేచి కూర్చుంది. కళ్లలో నిద్ర లేనేలేదు.

"ప్రతిసారి మేల్కొనే ఉంటుంటి బాపూ. కండ్లు మూసుకొని, లేపుతవేమోనని చూస్తుంటి," అంది.

నా గొప్ప విద్య ఇన్నేళ్లూ ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. కారువాడు రెండుసార్లు హారను కొట్టాడు. మూడోసారి కొడితే తంతానన్నాను. రవళిక శంషాబాద్ దాకా నా పక్కన కూర్చుని వచ్చి, లోపలికి పోయేదాకా చెయ్యి ఊపింది. విమానం ఎక్కేముందు బాషాకు ఒక మెసేజ్ పెట్టాను. నా ఫ్లైటు నంబరు, దిగే వేళ.

రియాద్‌లో దిగి బయటికొస్తే ఎప్పటి చోటే ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి రావద్దని చెప్పలేదేంటన్నా అని అడిగి, నా ముఖం చూసి, పాప ఏడ్చిందా అన్నాడు. ఏడ్చిందన్నాను. నువ్వూ? అన్నాడు. నేనూ అన్నాను. మంచిది అని టీ పోసిచ్చాడు.

నేను బ్యాగు పట్టుకుని పద అన్నాను. అతను కదల్లేదు. "నీ ఇమానంలోనే హలీమా అని కొత్త నర్సు వస్తాండాది. ఇంగా రాలే," అన్నాడు. ఇదివరకైతే నా నోటికి పని పడేది. బ్యాగు కింద పెట్టి, నేనూ అతని పక్కన నిలబడి తలుపు వైపు చూశాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. వాచీ చూసుకోలేదు.